టీచరమ్మ మడిచిపెట్టిన వరుసలు

టీచరమ్మ పోయారన్న కబురు నాకు అత్తిబెలె దగ్గర, బెంగళూరు పోయే బస్సులో అందింది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. కెలమంగలంలో పట్టుపురుగులు పెంచే మనిషి. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే పక్క సీటువాళ్ళకు కూడా వినపడుతుంది. ఆ రోజు మాత్రం ఫోను చెవికి అదుముకుంటే గాని వినపడలేదు.

"అక్క పోయిందమ్మా. పొద్దున కాఫీ తాగింది, లోటా కడిగి బోర్లించింది, కుర్చీలో కూర్చునింది. అంతే," అన్నాడు.

"ఎక్కడ, అన్నా?" అని అడిగాను. అదేం ప్రశ్నో నాకే తెలియదు.

"ఆడే, ఇన్‌స్టిట్యూట్‌లోనే. ఇంకేడ కూర్చుంటాది ఆయమ్మ?"

బస్సు ఆపమంటే స్టాపులోనే ఆపుతానన్నాడు కండక్టరు. అసలే నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. ఆ పూట పాపం అతను నా నోట్లో పడ్డాడు. దిగి, రోడ్డు దాటి, హోసూరు బస్సు కోసం నిలబడ్డాను. ఏడుపు రాలేదు. బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది: నిన్న సాయంత్రం టీచరమ్మ అన్నీ మడిచిపెట్టారా, లేదా? ఈ మాట మీకు అర్థం కావాలంటే ఆమె సంగతి కొంచెం చెప్పాలి.

హోసూరు పాత బస్టాండు వెనక వీధిలో, ఎరువుల అంగడి పైన ఒక పొడుగాటి గది ఉండేది. మెట్లెక్కుతుంటే కింద నుంచి యూరియా వాసన, పైనుంచి టకటకమని మిషన్ల మోత. అదే టీచరమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్. తొంభైల మొదట్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ప్లస్ టూ అయిన ఆడపిల్లలందరికీ అదొక మజిలీ. నేను ఉద్దనపల్లి నుంచి బస్సులో వచ్చేదాన్ని. మొదటిరోజు ఆమె నా మొహం చూడలేదు, మార్కులు అడగలేదు. చేతులు చాపమని, వేళ్ళు తిప్పి చూసి, "గోర్లు కత్తరించుకోని రా పో," అన్నారు. అదే అడ్మిషన్.

ఒకరితో తమిళం, ఒకరితో కన్నడం, మాతో తెలుగు మాట్లాడేవారు. తిట్టు మాత్రం ఎవరికైనా తెలుగులోనే. "ఏమే, మిషనేమైనా నీకు అత్తా? అట్ల గుద్దుతా ఉండావు!" అంటే ధర్మపురి నుంచి వచ్చిన తమిళ పిల్లకు కూడా చక్కగా అర్థమయ్యేది. సాయంత్రం క్లాసు అయ్యాక ఒక్కో మిషన్నీ తుడిచి, పాత పట్టుచీరల ముక్కలతో కుట్టిన గుడ్డ కప్పేవారు. ఆ గుడ్డలకు జరీ అంచులుండేవి. మా ఇళ్ళలో దేవుడి పటాలకు కూడా అంత మర్యాద ఉండేది కాదు.

పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఒకసారి ఎవరో అడిగారు. "తీరిక దొరకలే," అని, వెంటనే, "నువ్వు ఆ పేరా మళ్ళా కొట్టు," అన్నారు. ఆ పేరా మళ్ళీ కొట్టాల్సి వస్తుందనే భయంతో ఇంకెవరూ అడగలేదు.

ఆమె నేర్పింది టైపే అయినా, స్పీడు అంటే ఆమెకు పెద్ద గౌరవం లేదు. "వేళ్ళు పరిగెత్తితే ఏమొస్తాది? ఏం రాయాలో తలకాయలో వరసగా ఉండాల," అనేవారు. ఒక అర్జీ కొట్టించే ముందు, అందులో ఏం చెప్పాలో నోటితో చెప్పించేవారు. ముందు ఏది, దాని కింద ఏది, దాని పక్కన ఏది. తడబడితే మిషను ముట్టనిచ్చేవారు కారు. గవర్నమెంటు పరీక్షకు ఇవన్నీ ఎందుకని నేను లోపల సణుక్కునేదాన్ని. లోపలే కాదు, కొంచెం బయటకి కూడా.

ఆ పరీక్ష సంగతి చెప్పకపోతే మిగతాది చెప్పలేను. పరీక్ష కృష్ణగిరిలో. మా వైపు పద్ధతి ఏమిటంటే ఎవరి మిషను వాళ్ళు మోసుకుపోవాలి. మిషను మిషనుకూ మీట బిగువు వేరు, ఒకదాని మీద అలవాటైన వేళ్ళు ఇంకోదాని మీద తొట్రుపడతాయి. అందుకని పరీక్షరోజు హోసూరు బస్టాండులో మూటల్లాగా టైపు మిషన్లు బస్సు పైకెక్కేవి. పెళ్ళివారి సామాను అయినా అంత జాగ్రత్తగా ఎక్కించరు. టీచరమ్మ కింద నిలబడి ఒక్కోదానికీ పేరుపెట్టి పిలిచి, "దాన్ని పడుకోబెట్టద్దురప్పా, కూర్చోబెట్టండి!" అని అరుస్తుండేవారు.

కృష్ణగిరి చేరి, హాల్లో కూర్చుని, నా మిషను మీది గుడ్డ తీశాను. లోపల తమిళ మిషను! నాది ఇంగ్లీషు పరీక్ష. రెండు మిషన్లకూ ఒకే చీరలోంచి కత్తిరించిన గుడ్డలు, ఒకే జరీ అంచు. ముందురోజు సాయంత్రం టీచరమ్మే కప్పారు, ఆమే మార్చి కప్పారు; నాది హోసూరులోనే ఉండిపోయింది. మాతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడిన టీచరమ్మను పిలిచాను. ఆమె ఒక్క క్షణం ఆ అక్షరాలవైపు చూసి, గబగబా బయటికి పోయి, ఇంకో ఇన్‌స్టిట్యూట్ ఆయన్ని బతిమాలి ఒక మిషను తెచ్చిపెట్టారు. దాని మీటలు రాళ్ళు. ఏదో కొట్టాను, సెకండ్ క్లాసులో గట్టెక్కాను.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చున్నారు. శూలగిరి దాటాక అన్నారు. "తప్పు నాదే తల్లీ. కానీ చూడు, ఇంత ఇనుము ఏమిటికి మొయ్యాల మనం? నేర్చుకున్నది నీ వేళ్ళల్లో ఉండాది. రాయాల్సింది నీ తలకాయలో ఉండాది. ఏ మిషను ముందర కూర్చున్నా పని జరగాల. అట్లాంటి కాలం వస్తాదంటావా?"

"వస్తుంది టీచరమ్మా," అన్నాను, నాకేం తెలుసని. ఊరికే ఆమె మనసు తేలికపడాలని అన్న మాట. ఆమె మాత్రం దాన్ని నిజంగానే పట్టుకున్నారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, "వస్తాదన్నావు కదే?" అని నన్నే నిలదీశారు.

కొన్నేళ్ళకు ఆ గదిలోకి కంప్యూటరు వచ్చింది. బెంగళూరులో ఒక అచ్చాఫీసు మూసేస్తూ అమ్మేసిన మెషీన్. చిన్న తెర, లేత గోధుమరంగు పెట్టె, బజారులో మామూలుగా దొరికే మెషీన్లతో దానికి ఏ పొత్తూ లేదు. దానికీ ఒక జరీ అంచు గుడ్డ కుట్టారు టీచరమ్మ. అందులో వెనకటివాళ్ళు వదిలేసిన ఒక ప్రోగ్రాం ఉంది. దాని పని ఒక్కటే: వరుసలు రాసుకోవడం. ఒక వరుస రాస్తే, దాని కిందికి కొంచెం లోపలికి జరిపి పిల్ల వరుసలు రాయొచ్చు, వాటి కింద ఇంకా లోపలికి మరికొన్ని. పై వరుస పక్కన చిన్న గుర్తు నొక్కితే కింది పిల్లలన్నీ లోపలికి మడుచుకుంటాయి. మళ్ళీ నొక్కితే బయటికి వస్తాయి. ఒక మొత్తాన్ని పట్టుకుని పైకీ కిందికీ జరిపితే దాని పిల్లలన్నీ దాని వెంటే వస్తాయి.

అంతే. కానీ టీచరమ్మ దాన్ని చూసిన చూపు నేను చూశాను. తన తలకాయలో ఇన్నాళ్ళూ ఉన్నదాన్ని ఎవరో తెరమీద పెట్టినట్టు చూశారు. "ఇదే కదే నేను మీతో నోటితో చెప్పిస్తా ఉండింది!" అన్నారు.

అప్పటి నుంచి పాఠాలన్నీ అందులోనే. అర్జీ ఎలా రాయాలి, కరెంటు ఆఫీసుకు ఫిర్యాదు ఎలా పెట్టాలి, మహిళా సంఘం మీటింగులో ఏం జరిగిందో ఎలా రాయాలి, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుకు రిపోర్టు ఎలా ఇవ్వాలి. ప్రతి పాఠం కిందా పిల్లలు చేసే తప్పులు, తప్పుల కింద వాటికి మందులు. ఆ మెషీన్‌లో తెలుగు రాదు కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. సాయంత్రం మిషన్లకు గుడ్డలు కప్పాక, ఆఖరున కంప్యూటరు ముందు కూర్చుని వరుసలన్నీ ఒక్కొక్కటే మడిచేవారు. తెరమీద పై వరుసలు మాత్రం మిగలాలి, అప్పుడే స్విచ్చి ఆపడం. "ఇల్లు ఊడ్చి పడుకున్నట్ల ఉంటాది," అనేవారు. ఇందాక బస్టాపులో నేను తలుచుకున్న మడత ఇదే.

ఇప్పుడు కష్టం సంగతి. రెండువేల సంవత్సరం వచ్చేసరికి టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులూ ఏసీలూ ఉన్న కంప్యూటర్ సెంటర్లు వెలిశాయి. టీచరమ్మ మిషన్లు ఒకటొకటిగా అమ్మి, అందరూ వాడే రకం కొత్త కంప్యూటరు ఒకటి తెచ్చారు. నేనప్పటికి బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ప్రోగ్రాములు రాసే పనిలో ఉన్నాను. ఒక ఆదివారం పిలిపించారు. పాత మెషీన్ తెర వణుకుతోంది, లోపల డిస్కు గరగరమంటోంది. "ఇది పోయేలోగా పాఠాలన్నీ కొత్తదాంట్లోకి పంపీ," అన్నారు.

ఫ్లాపీలో ఎక్కించి కొత్తదాంట్లో తెరిచాను. తెర నిండా డబ్బాలూ, ప్రశ్న గుర్తులూ, మధ్యమధ్యలో విరిగిన ముక్కలూ. పాత ప్రోగ్రాం తన రాతను తనకు మాత్రమే అర్థమయ్యేలా దాచుకుంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నేను తిప్పలన్నీ పడి, విసుగొచ్చి, "వదిలేయండి టీచరమ్మా. ఇది తెరుచుకోదు. కొత్తగా రాసుకుందాం," అన్నాను.

ఆమె కోప్పడలేదు. అందుకే నాకు భయం వేసింది. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "కొత్తగా రాసేదానికి నాకు ఇంకో బతుకు యాడిది?" అన్నారు. "అద్దాల తలుపుల సెంటర్లో మెషీన్లు ఉండాయి. నా దగ్గర ఏముంది చెప్పు? ఈ పాఠాలే కదా. ఇవి కూడా పోతే, రేపు వచ్చే పిల్లకు ఏం చూపించేది?"

ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె తమ్ముడి ఇంట్లో భోజనం. కెలమంగలం పోయాం ఇద్దరం. తినేసి పురుగుల ఇంట్లోకి వెళ్ళాం. పట్టుపురుగుల పని తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తట్టల్లో పురుగులు ఆకు తింటూ పెరుగుతుంటాయి. కింద తిన్న ఆకుల ఈనెలూ, మలమూ పేరుకుపోతాయి. ఆ పడక మార్చాలి. కానీ పురుగుల్ని చేత్తో ఏరి మార్చరు. నలిగిపోతాయి. వాటి మీద సన్నటి వల పరిచి, వల మీద తాజా మల్బరీ ఆకు చల్లుతారు. కాసేపటికి పురుగులు తమంతట తామే కన్నాల్లోంచి పైకి ఎక్కుతాయి. అప్పుడు వల ఎత్తి కొత్త తట్టలో పెడితే సరి, పాతదంతా కిందే మిగిలిపోతుంది. ఆయన ఆ రోజు చేస్తున్నది ఆ పనే. టీచరమ్మ చిన్నప్పటి నుంచీ చూసిన పనే.

అయినా ఆ పూట ఆమె తట్ట ముందు నిలబడిపోయారు. "ఏమే," అన్నారు నావైపు తిరక్కుండానే. "మనం చేత్తో ఏరతా ఉండామేమో."

"అంటే?"

"పాత ప్రోగ్రాము ఇంకా బతికే ఉండాది కదా. దాని ఫైలును పగలగొట్టేది ఏమిటికి? దాని చేతనే బయటికి ఇప్పించరాదా?"

నా బుర్రలో దీపం వెలిగింది. ప్రింటు! ఆ ప్రోగ్రాం దేన్నైనా ప్రింటు చేయగలదు. ప్రింటరుకు పంపే బదులు ఆ ప్రింటునే ఒక మామూలు ఫైలుగా దాచుకునే వీలు అందులో ఉంది. అలా వచ్చింది ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. లోపలికి జరిపిన ఖాళీలు కూడా అలాగే వస్తాయి. "అన్నా, మేము పోయొస్తాం!" అని చెప్పులేసుకున్నాం. కాఫీ తాగిపొమ్మని ఆయన వెనకాల అరుస్తూనే ఉన్నాడు.

హోసూరు చేరి, ప్రింటు కొట్టి, ఫ్లాపీ కొత్తదాంట్లో పెట్టాను. తెరుచుకుంది! డబ్బాలు లేవు, ప్రశ్న గుర్తులు లేవు. కానీ పై వరుసలే వచ్చాయి. అర్జీ. ఫిర్యాదు. రిపోర్టు. వాటి కింద ఏమీ లేదు. ఇన్నేళ్ళ పాఠాలకు పేర్లు మాత్రం మిగిలాయి. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఆ మెషీన్ను ఏమేం తిట్టానో ఇక్కడ రాయలేను.

టీచరమ్మ రెండు తెరలనూ మార్చి మార్చి చూశారు. చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే, "నేనే కదే మడిచిపెట్టింది! నిన్న సాయంత్రం అన్నీ మడిచినాను. మడిచిందాన్ని అది ఎట్ల ప్రింటు కొడతాది?" అన్నారు. ఇల్లు ఊడ్చి పడుకునే ఆమె అలవాటే మా కొంప ముంచబోయింది. తర్వాత ఈ సంగతి చెబితే ఆమె తమ్ముడు, "జ్వరానికి కూర్చున్న పురుగు ఆకు మీదికి ఎక్కదక్కా, లేచినంకనే వల పరచాల, ఆ మాత్రం మరిచిపోతివా?" అని ఆటపట్టించాడు. పురుగు పొర విడిచే ముందు కదలకుండా పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు.

ఆమె కూర్చుని ఒక్కో వరుసా విప్పుకుంటూ పోయారు. నేను పక్కనే నిలబడ్డాను. డిస్కు గరగరమంటూనే ఉంది. అన్నీ విప్పాక ప్రింటు. ఈసారి ఫ్లాపీ తెరిస్తే మొత్తం ఉంది. తప్పులూ, తప్పుల కింది మందులూ, మందుల కింద ఎప్పుడో నా గురించి రాసుకున్నది కూడా: "ఈ పిల్లకు కోపం ముందు, కామా తర్వాత." టీచరమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. పాత మెషీన్ తర్వాత కొద్దికాలానికే పూర్తిగా ఆగిపోయింది. ఆమె దానికి జరీ గుడ్డ కప్పి అటక మీద పెట్టించారు.

అక్కడితో ఆగితే ఆమె టీచరమ్మ ఎందుకవుతారు? "ఈసారి గట్టెక్కినాం. మళ్ళా మెషీన్ మారితే?" అన్నారు. నేను మాటకు మాట అంటించి ఇరుక్కున్నాను. "అన్ని మెషీన్లలోనూ నడిచేది ఒకటి రాసిస్తాను లెండి!" అన్నాను. రాశాను కూడా. ఆదివారాలు పోయాయి, మా ఇంట్లో నా మీద సణుగుడు పెరిగింది. ఆ చిన్న ప్రోగ్రాం వరుసలను ఖాళీలతో లోపలికి జరిపిన మామూలు రాతగానే దాచేది. పాతదానిలా లోపల దాచుకునే కిటుకు ఏదీ లేదు. నా ప్రోగ్రాం లేకపోయినా, ఏ మెషీన్‌లో తెరిచినా, చదివేవాళ్ళకు కనపడుతుంది. టీచరమ్మ పెట్టిన షరతు అదొక్కటే: "మూత తీస్తే ఏముందో కనపడాల."

పరీక్ష చేసేదీ ఆమే. అందరూ వాడే కొత్త కంప్యూటరులో ఒక పాఠం రాసి, పాత విద్యార్థిని ఒకామె ఇచ్చిన, వేరే పద్ధతిలో నడిచే లినక్స్ మెషీన్‌లో తెరిచేవారు. అక్కడ ఒక వరుస కలిపి, మళ్ళీ ఇక్కడ తెరిచేవారు. కృష్ణగిరిలో ఆఫీసు పని చేసే ఇంకో శిష్యురాలికి బస్సు డ్రైవరు చేత ఫ్లాపీ పంపి, అక్కడి డొక్కు మెషీన్‌లో తెరిపించేవారు. ఎక్కడైనా ఒక ఖాళీ అటూఇటూ అయితే నాకు ఫోన్. "ఏమే, కృష్ణగిరిలో మూడో వరస జరిగిపోయిందంట." ఒకప్పుడు ఇనుప మిషన్లు బస్సు పైకెక్కిన దారిలోనే ఇప్పుడు ఒక ఫ్లాపీ డ్రైవరు జేబులో పోతోందని ఆమెకు మహా సరదా. "బరువు తగ్గింది కదే," అనేవారు ప్రతిసారీ.

మా ఆఫీసులో ఈ ప్రోగ్రాం చూపిస్తే నవ్వారు. వరుసలు మడిచి విప్పే దానికి భవిష్యత్తు ఏముంది, ఎవరికి కావాలి అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. టీచరమ్మకు చెబితే, "రాసుకునేవాళ్ళు ఉన్నన్నాళ్ళు కావాల. వాళ్ళు రాసుకోరేమో, అడుగు," అన్నారు. నిజంగానే ఆమె చుట్టూ రాసుకునేవాళ్ళు పెరిగారు. అద్దాల తలుపుల సెంటర్లో మౌసు పట్టడం నేర్చుకుని, ఏం రాయాలో నేర్చుకోవడానికి ఎరువుల అంగడి మెట్లెక్కేవాళ్ళు. గదిలో మళ్ళీ కుర్చీలు నిండాయి.

ఇంటర్నెట్టు కుదురుకున్నాక మా ఇద్దరికీ పెద్ద గొడవ. ఇక ఫ్లాపీలూ గీపీలూ వద్దు, నోట్లన్నీ ఇంటర్నెట్టులో పెట్టేస్తే ఎక్కడి నుంచైనా, ఏ మెషీన్ నుంచైనా తెరుచుకోవచ్చు, ముందు ముందు అంతా అదే అన్నాను. ఆమె శ్రద్ధగా విన్నారు. "మంచిదే. ఎవురింట్లో పెడతావు?" అన్నారు. కంపెనీవాళ్ళ కంప్యూటరులో అన్నాను. "తాళం ఎవురి దగ్గర ఉంటాది?" వాళ్ళ దగ్గరే అన్నాను. "అట్లయితే ఆడ పెట్టు, ఒకటి ఈడ కూడా పెట్టు. వాళ్ళు తలుపేసుకున్నా మనం బయట నిలబడకూడదు," అన్నారు. కొత్తదాన్ని ఎప్పుడూ వద్దనలేదామె. పాతది బతికుండగానే దారి వెయ్యమనేవారు, అంతే. ఇప్పుడు ఆ పని చేసే పెద్ద పెద్ద ప్రోగ్రాములు రోజుకొకటి వస్తుంటే, ప్రతిదాన్నీ నేను అడిగే మొదటి ప్రశ్న టీచరమ్మదే: నీలోంచి బయటికి రావడానికి దారి ఉందా? ఉందని చెప్పేవి కొంచెం కొంచెంగా పెరుగుతున్నాయి. అందుకే వీటి భవిష్యత్తు మీద నాకు గట్టి నమ్మకం.

ఒక రోజు మరిచిపోలేను. తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లలోనూ ఒకే తీరుగా కనపడే పద్ధతి అప్పుడే వచ్చింది. నా ప్రోగ్రాంలో దాన్ని కలిపి, ఆమె ముందు పెట్టాను. ఆమె బళ్ళో చదివింది తెలుగులోనే. కానీ బతుకంతా ఇంగ్లీషు మిషనూ, తమిళ మిషనూ. తెలుగు మిషను మా వైపు ఎవరూ అడగలేదు, ఆమె కొననూ లేదు. మెల్లగా వెతుక్కుంటూ మీటలు నొక్కి "అర్జీ" అని కొట్టారు. తెరమీద తెలుగులో అర్జీ. పక్క మెషీన్‌లో తెరిస్తే అక్కడా అర్జీ. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "నా భాషలో నేను టైపు కొట్టేదానికి ముసలిదాన్నయ్యేదాకా ఆగాల్సొచ్చిందే తల్లీ," అని ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పాఠాలన్నింటినీ, ఒక్కో వరుసా, తెలుగులోకి కొట్టుకుంటూ వచ్చారు. నేను ప్రోగ్రాంతో మార్చిపెడతానంటే ఒప్పుకోలేదు. "ఇది నా విందు. నువ్వు తినిపెడతానంటావేమే?" అన్నారు.

ఆఖరి రెండు మూడేళ్ళు గుండె నీరసం. మెట్లెక్కడం కష్టమైతే, ఎక్కాక దిగడం మానేశారు, అక్కడే మంచం వేయించుకున్నారు. కెలమంగలం నుంచి వచ్చి నేర్చుకున్న ఒకమ్మాయికి పాఠాలు చెప్పే పని అప్పగించారు. తాను పక్కన కూర్చుని ఆ అమ్మాయి చెప్పేది వింటూ, బాగుంటే ఊరుకుని, బాగాలేకపోతే తెలుగులో తిట్టేవారు. ఆ అమ్మాయి కోసమే నేను ప్రోగ్రాంను ఫోనుకు కూడా మార్చాను. బుజ్జి తెర, అంకెల మీటలు, అందులోకి తెలుగు ఎక్కించడానికి నా తాతలు దిగొచ్చారు. ఫోన్ చేతిలో పెడితే టీచరమ్మ దాన్ని అరచేతిలో అటూఇటూ ఎత్తి చూశారు. కృష్ణగిరి బస్సు గుర్తొచ్చిందని ఆమె చెప్పకుండానే నాకు తెలిసింది. "వస్తాదని చెప్తివి. వచ్చింది కదే," అన్నారు.

ఆ రోజు అత్తిబెలె నుంచి నేను మెట్లెక్కి పోయేసరికి కాఫీ లోటా ఇంకా బోర్లించే ఉంది. జనం, పూలదండలు. హోసూరు గులాబీల వాసన యూరియా వాసనను మొదటిసారి ఓడించింది. ఆమె తమ్ముడు నన్ను చూసి గోడ వైపు తిరిగిపోయాడు. దహనం కెలమంగలంలో, వాళ్ళ మల్బరీ తోట పక్కన.

సాయంత్రం గదికి తిరిగొచ్చాం, నేనూ ఆ అమ్మాయీ. కంప్యూటరు మీద జరీ గుడ్డ కప్పి ఉంది. తీయడానికి నాకు చెయ్యి రాలేదు. నిన్న అన్నీ మడిచారా లేదా అన్న నా ప్రశ్న ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె ఫోన్ తీసింది. ముందురోజు సాయంత్రం క్లాసు అయ్యాక పాఠాల ఫైలును టీచరమ్మే దగ్గరుండి ఫోనులోకి ఎక్కించారట.

"నిన్న పైన కొత్తగా ఒక వరస రాసిందక్కా. మిగతావన్నీ దాని కిందికి జరిపింది," అంది.

చూశాను. మడిచిపెట్టారు. ఈసారి పాఠాల పేర్లు కూడా కనపడలేదు. ఇన్నేళ్ళ చదువంతా ఒకే ఒక్క వరుస లోపలికి మడుచుకుని ఉంది. ఆ వరుస తెలుగులో ఉంది: "ముందు అన్నీ విప్పి చూడు తల్లీ, నాలాగా పేర్లు మాత్రం పంపొద్దు."

నవ్వు వచ్చింది నాకు. నవ్వుతుంటే అప్పుడు, ఆ రోజుకి మొదటిసారి, ఏడుపు వచ్చింది. ఆ అమ్మాయి నా వైపు చూసి, "మరి రేపు పొద్దున క్లాసు ఉంది కదక్కా. పిల్లోళ్ళు వస్తారు," అంది, అడుగుతున్నట్టుగా.

"వస్తారు," అన్నాను.

ఆ అమ్మాయి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. కింద ఎరువుల అంగడి షట్టరు దించుతున్నారు. ఆమె బొటనవేలు మీట నొక్కింది. ఆ ఒక్క వరుస కింద నుంచి పాఠాల పేర్లు బయటికి వచ్చాయి. మళ్ళీ నొక్కింది. అర్జీ కింద తప్పులు, తప్పుల కింద మందులు. బుజ్జి తెర చాలక వరుసలు పైకి జరుగుతూ పోతున్నాయి, కింద నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి.